రోహిణి కార్తెలో కొర్రమట్టకు గాలం: కట్ట మీద నుంచి ఎక్కడ వేయాలి?

కాజీపేట జంక్షన్

అన్నలకు నమస్తే. నేను కాజీపేటలో ఉంటాను. మా అమ్మమ్మ వాళ్ల ఊరు పరకాల దగ్గర. ఊరి చెరువు సగానికి పైగా ఎండిపోయింది. మత్తడి దిక్కు అంతా నెర్రెలు బారింది, నీళ్లు తూము ముందర, కట్ట వెంబడి మాత్రమే ఉన్నాయి. మత్స్యకారుల సంఘం వాళ్లు పోయిన నెలలోనే వలలు వేసి రవ్వులు, బొచ్చెలు పట్టి అమ్ముకున్నారు. గాలం వేసుకుంటానని అడిగితే అధ్యక్షుడు సరేనన్నాడు. వల మాత్రం తేవొద్దన్నాడు.

నా దగ్గర ఏడడుగుల రాడ్డు, రీలు ఉన్నాయి. సెలవు రోజు పొద్దున పోయి తూము పక్కన కూర్చుంటున్నాను. మిషన్ కాకతీయ పూడికతీతలో జేసీబీలు తవ్విన గుంత అక్కడే ఉంది, బాగా లోతు. దాని నడిమిట్ల పడేటట్టు విసురుతున్నాను. ఎర్రలు గుచ్చితే పరకలు (చిన్న చేపలు) కొరుక్కుని పోతున్నాయి, గాలం ఖాళీగా వస్తోంది. చిన్న జెల్లలు తప్ప ఏమీ పడలేదు. ఊళ్లో మాత్రం కొర్రమట్టలు బాగా ఉన్నాయని, అవి వలకు చిక్కలేదని అందరూ అంటున్నారు.

మిరుగం (మృగశిర కార్తె) నాటికి ఒక్క కొర్రమట్టన్నా ఇంటికి తీసుకుపోవాలని ఉంది. ఆ రోజు మార్కెట్లో ధర ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, పైగా అమ్మమ్మకు ఐసు పెట్టిన చేప సహించదు. ఎక్కడ వేయాలి, ఏ ఎర పెట్టాలి, ఏ టైముకు పోవాలి? ఎండ 44 డిగ్రీలు కొడుతోంది, రోజంతా కూర్చోలేను.

ములుగు రోడ్డు

బ్రో, కోడి పేగులు, కార్జం ముక్కలు పెట్టి చూడు. చీకటి పడ్డాక అడుగుకు దించి వదిలెయ్. జెల్లలు, అదృష్టం ఉంటే వాలుగ పడతాయి. కొర్రమట్ట సంగతి నాకు అంత తెలియదు.

నీరటి కొడుకు

తమ్మీ, ముందు చోటు మార్చు. గుంత లోతుగా ఉంది కాబట్టి పెద్ద చేప అందులోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. రవ్వు, బొచ్చె విషయంలో అది నిజమే. కొర్రమట్టకు మాత్రం ఈ లెక్క కుదరదు.

మా నాయిన నర్సంపేట దిక్కు ఒక ఊరి చెరువుకు నీరటి. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూడడం ఆయన పని. చెరువు ఎండుతున్న కొద్దీ చేప ఎటు జరుగుతుందో ఆయన రోజూ చూసేవాడు, వెంట తిరిగే నాకూ చూపించేవాడు. నేను చెప్పేది అక్కడ నేర్చుకున్నదే. రాడ్డు, రీలు నాకు తర్వాత వచ్చినవి.

నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. రాత్రంతా నాచు, నీటి మొక్కలు కూడా అదే గాలిని వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున మరీ తక్కువగా ఉంటుంది. రోహిణి కార్తెలో చీకటితోనే లేచి చెరువు కాడికి పోతే రవ్వులు, బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని కనపడేది అందుకే. అప్పుడు వాటి ముందర ఏది పెట్టినా ముట్టవు. కొర్రమట్టకు ఆ తిప్పలు లేవు. మొప్పల పైన, తలలో, గాలి పీల్చుకునే అర ఒకటి దానికి ప్రత్యేకంగా ఉంటుంది. పైకి వచ్చి మూతి బయటపెట్టి, గాలి మింగి మళ్లీ దిగుతుంది. అట్లా పైకి రానీయకుండా ఆపితే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. కాబట్టి ఈ ఎండల్లో దానికి లోతుతో పెద్దగా పని లేదు. దాక్కోవడానికి నీడ, మూతికి అందేంత దూరంలో తిండి, ఇవి కావాలి. ఈ రెండూ ఒడ్డునే ఉంటాయి: కప్పపిల్లలు, పరకలు, రొయ్యపిల్లలు అన్నీ మోకాలు లోతు నీళ్లలోనే తిరుగుతాయి.

వలకు ఎందుకు చిక్కలేదో కూడా ఇందులోనే ఉంది. వల వస్తున్న అలికిడి కాగానే అది బురదలో తల దూర్చి పడుకుంటుంది, వల అడుగు దాని మీది నుంచి పోతుంది. చెరువు పూర్తిగా ఎండినా తడి బురదలో దిగి, వాన పడేదాకా బతికే చేప అది.

ఇప్పుడు నీ చెరువులో ఈ చోట్లు వెతుకు. నీళ్లలో నిలబడిన లొట్టపీసు చెట్ల మొదళ్లు. తుంగ వేర్లు తేలిన అంచు. తామర ఆకుల నడుమ గంప మూతంత ఖాళీలు. కట్టకు లోపలి దిక్కు పరిచిన రాళ్లలో, నీటి మట్టానికి కాస్త కింద ఉన్న సందులు. గుర్రపు డెక్క గాలికి కొట్టుకొచ్చి ఒక మూలకు చేరితే దాని అంచు కూడా మంచిదే. గుంతనే వదలొద్దనుకుంటే నడిమిట్ల కాకుండా గుంత గట్టు మీద, అంటే లోతు మొదలయ్యే చోట వెయ్యి.

పోగానే విసరొద్దు. కట్ట నెత్తి మీద నిలబడితే నీ నీడ నీళ్ల మీద పడుతుంది, అడుగుల చప్పుడు రాళ్ల గుండా దిగుతుంది. కిందికి దిగి కూర్చుని నీళ్లను చూడు. కొర్రమట్ట గాలికి పైకి వచ్చినప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండదు. "బుడుక్" మని చిన్న శబ్దం, ఒక గుండ్రటి అల, దాని వెనక రెండు మూడు బుడగలు. గాలి కదలని పొద్దున అయితే మూతి కొస నల్లగా కనపడి మాయమవుతుంది. కాసేపు ఆగితే ఆ చుట్టుపక్కలే మళ్లీ లేస్తుంది. ఎక్కువ దూరం తిరిగే చేప కాదు, కాచుకుని కూర్చుని కొట్టే చేప. లేచిన చోటు గుర్తు పెట్టుకో, కానీ ఎరను నేరుగా దాని నెత్తిన వేయకు, బెదురుతుంది. రెండు మూరలు అవతల వేసి మెల్లగా దాని ముందు నుంచి లాక్కురా.

ఎర్రలకు పరకలే ముందు వస్తాయి. కాబట్టి ఆ పరకలనే వాడుకో. చిన్న గాలంతో ఒకటి పట్టి, పెద్ద గాలానికి వీపు రెక్క కింద, వెన్నెముకకు తగలకుండా గుచ్చితే బతికి ఈదుతూ ఉంటుంది. బెండు నుంచి గాలం దాకా మూరెడు తంగూసు చాలు, సీసం అసలు వద్దు. బెండు ఎట్లా కదులుతుందో చూడు. పరక కొరికితే బెండు వణుకుతుంది. జెల్ల అయితే టకటకా గుంజుతుంది. తాబేలు అయితే తొందర లేకుండా ఒకే తీరుగా బరువుగా లాక్కుపోతుంది, దాన్ని మెల్లగా విడిపించి వదిలెయ్, వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి. కొర్రమట్ట మాత్రం బెండును నిలువునా ముంచదు. ఎవరో పక్క నుంచి దారం పట్టి గుంజినట్టు ఏటవాలుగా ఆకుల కిందికి తీసుకుపోతుంది. అప్పుడు దారం బిగించి ఒక్కసారి గట్టిగా కొట్టు. దాని నోరు ఎముక, పట్టుకుందంటే తేలిగ్గా వదలదు, నువ్వు మెత్తగా లాగితే గాలం దిగదు. దిగాక దారం వదులు చేయొద్దు, వేర్లలోకి పోయి చుట్టుకుంటుంది.

టైము అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి ఎనిమిది దాకా, మళ్లీ అయిదు దాటాక చీకటి పడేదాకా. మధ్యాహ్నం తామరాకు నీడన అది ఉంటుంది, పడుతుంది కూడా. కానీ ఆ ఎండలో కట్ట మీద కూర్చోమని నేను చెప్పను. మా దిక్కు గొర్రెలు కాసేవాళ్లే ఆ టైముకు చెట్టు కిందికి చేరుతారు.

విశాఖలో ఓరుగల్లు

నీరటి అన్న చెప్పిన "లోతులో కాదు, ఒడ్డునే" అన్న మాట చదివి రాయాలనిపించింది. నేను హన్మకొండ వాడిని, ఉద్యోగం విశాఖలో. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. బోట్లన్నీ ఆగిపోయిన ఆ రోజుల్లో ఇసుక ఒడ్డు నుంచి గాలం వేసేవాళ్లతో నాకు స్నేహం కుదిరింది. నాలుక చేప అని ఒకటి ఉంటుంది, బల్లపరుపుగా, రెండు కళ్లూ ఒకే పక్కన. పిల్లగా ఉన్నప్పుడు కళ్లు రెండు పక్కలా ఉండి, పెరిగే కొద్దీ ఒక కన్ను ఇవతలికి జరిగి వస్తుంది. ఆ తర్వాత ఒంటిని ఇసుక రంగులో కలిపేసి, పైన కాస్త ఇసుక కప్పుకుని అడుగున పడుకుంటుంది, కళ్లు మాత్రమే బయట.

నేను మొదట్లో ఎంత దూరం విసిరితే అంత మంచిదనుకునేవాడిని. వాళ్లేమో అల విరిగే చోటుకు ఇవతల, ఒడ్డుకు దగ్గరగా ఉన్న పల్లంలోకి వేస్తారు. సీసం గుండు అడుగుకు తాకాలి, ఎర ఇసుక మీదే ఉండాలి. అప్పుడప్పుడు జానెడంత లాగి ఆపుతారు. గుండు కదిలినప్పుడు ఇసుక పొగలా లేస్తుంది, పురుగేదో కదిలిందనుకుని చేప వచ్చి పట్టుకుంటుంది. మన కొర్రమట్టకు సీసం లేకుండా పైన, దానికేమో సీసంతో అడుగున. పద్ధతి పూర్తిగా తిరగేసి ఉంది, దూరం సంగతి మాత్రం రెండింటికీ ఒకటే.

కాజీపేట జంక్షన్

నీరటి అన్నా, చాలా థాంక్స్. నిన్న సాయంత్రం రాడ్డు పక్కన పెట్టి ఊరికే కూర్చుని చూశాను. లొట్టపీసు చెట్ల దగ్గర మీరు చెప్పిన బుడగలు కనపడ్డాయి, అదీ నేను కూర్చునే చోటుకు పది అడుగుల్లోనే. ఇన్ని రోజులు దాని మీది నుంచి విసురుతున్నానన్నమాట. రెండు డౌట్లు. ఆ చెట్ల సందులో విసిరితే గాలం కొమ్మలకు చిక్కుకుంటోంది, ఏం చేయాలి? రబ్బరు కప్పలు ఆన్‌లైన్లో చూశాను, అవి పనిచేస్తాయా? కొందరు బతికున్న కప్పపిల్లను గుచ్చమంటున్నారు.

నీరటి కొడుకు

బతికున్న కప్ప వద్దు. నాకు మనసొప్పదు, అవసరం కూడా లేదు. రబ్బరు కప్ప బాగా పనిచేస్తుంది. దాని గాలం మొనలు వీపుకు ఆనుకుని పైకి ఉంటాయి కాబట్టి ఆకుల మీది నుంచి లాగినా చిక్కుకోదు. తామరాకు మీద వేసి, ఒక్క క్షణం ఆపి, ఆకు అంచు నుంచి నీళ్లలోకి జారనివ్వు. చాలాసార్లు ఆ జారే చోటే కొడుతుంది. నీళ్లు పేలినట్టు పెద్ద చప్పుడవుతుంది, చెయ్యి దానంతట అదే ఎగురుతుంది. ఎగరనీయొద్దు. కప్ప కనపడకుండా పోయి, దారం బరువు తగిలాక అప్పుడు కొట్టు. చప్పుడుకే కొడితే కప్ప నీ మొహం మీదికి వస్తుంది, చేప లోపలికి పోతుంది. ఇంకొకటి, ఆకుల్లో సన్నటి తంగూసు తెగుతుంది. రీలుకు అల్లిక దారం, కాస్త లావుది ఎక్కించు.

కొమ్మల సందుకు మాత్రం రీలు పనికిరాదు. మా నాయిన వాడింది నిలువెత్తు దాటిన పచ్చి బొంగు, దాని కొసకు బొంగులో సగం పొడవు లావుపాటి తంగూసు, అంతే. విసరడం ఉండదు. సందు మీదికి బొంగు చాపి, ఎరను నీటి మీద ఆనించి ఎత్తడం, మళ్లీ ఆనించడం. టప్, టప్ మని నీటిని తాకుతుంటే కొర్రమట్ట కింది నుంచి వచ్చి లేచి పట్టుకుంటుంది. పట్టిన వెంటనే నిలువునా పైకి ఎత్తి ఒడ్డున వేయాలి, నీళ్లలో ఆడించే పనే లేదు. బొంగు అయినా రాడ్డు అయినా ఎత్తే ముందు పైన చూడు. చాలా కట్టల మీది నుంచి పొలాల మోటార్లకు కరెంటు తీగలు పోతాయి.

చెరువులోకి దిగి గాలం విడిపించుకోవద్దు. పూడికతీత గుంతలకు వాలు ఉండదు, మోకాలు లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు వస్తుంది. గాలం పోతే పోనీ.

గోదారి గట్టు

మాది మంచిర్యాల. రోహిణి కార్తెలో ఇంత కష్టం ఎందుకన్నా? మొదటి వానలు పడనివ్వండి. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపు కట్టి పైకి తేలుతాయి. ఆ గుంపు నడిమిట్ల రబ్బరు కప్ప వేస్తే కింద ఉన్న తల్లి కొట్టి తీరుతుంది. గ్యారంటీ. మా ఫ్రెండ్స్ అందరూ అట్లనే పడతారు.

నీరటి కొడుకు

తమ్ముడూ, అట్లా పడతారన్నది నిజమే, పడుతుందన్నదీ నిజమే. కానీ దయచేసి ఆ పని చేయకండి. అది ఆకలితో కొట్టే దెబ్బ కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని తరమడానికి కొట్టే దెబ్బ. ఆ సమయంలో ఏది వేసినా కొడుతుంది, అందులో వేటగాడి పనితనం ఏమీ లేదు.

ఎందుకు వద్దంటున్నానో వినండి. కొత్త నీళ్లు రాగానే జంట కట్టి, గడ్డి నడుమ గూడు లాంటి ఖాళీ చేసుకుని గుడ్లు పెడతాయి. గుడ్లు తేలుతూ ఉంటాయి, తల్లీ తండ్రీ కింద కాపలా. పిల్లలయ్యాక గుంపు ఎటు పోతే అటు వెంట ఉంటాయి. పిల్లలు గాలికి పైకి లేచినప్పుడల్లా నీళ్ల మీద నారింజ రంగు మెరిసి మాయమవుతుంది. ఆ తల్లిని తీసేసిన చోట కాసేపు నిలబడి చూడండి. పరకలు, జెల్లలు, కొంగలు అన్నీ ఆ గుంపు మీదే పడతాయి. మా చెరువులో ఒక పొద్దున నా కళ్ల ముందే తల్లిని పట్టుకుపోయారు, మధ్యాహ్నానికి ఆ మూలన నారింజ రంగు లేదు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు.

రవ్వు, బొచ్చె అయితే ఏటా చేపపిల్లలు తెచ్చి చెరువుల్లో వదులుతున్నారు. కొర్రమట్ట ఎక్కువగా తనంతట తాను గుడ్లు పెట్టి పెరగాల్సిందే. మన రాష్ట్ర చేప అది. కిలో ధర రవ్వుకు రెండింతల పైమాటే. సంఘంలో పేద కుటుంబాలకు ఒక్క కొర్రమట్ట అంటే ఆ రోజు కూలి వచ్చినట్టే. గాలం సరదాకు వెళ్లే మనం దాన్ని చెరువులోనే తెగ్గొట్టడం న్యాయం కాదు.

నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. మిరుగం దాటి మంచి వాన పడి, కాలువ నుంచో వాగు నుంచో కొత్త ఎర్రనీళ్లు చెరువులోకి దిగాయంటే కొర్రమట్ట గాలం అటక మీదికి పోతుంది. ఆ వరదలో అవి ఎదురెక్కి పొలాల్లోకి వస్తాయి, ఊరంతా ఊతలు (చేపలు పట్టే బుట్టలు), కట్టెలు పట్టుకుని బయల్దేరుతుంది. నేను పోను. పిల్లల గుంపులు విడిపోయి, చలికాలం మొదలయ్యాక మళ్లీ తీస్తాను. మధ్యలో జెల్లలకు, బంగారు తీగలకు వేసుకుంటాను.

గోదారి గట్టు

తండ్రి కూడా కాపలా ఉంటుందని నాకు తెలియదన్నా. మా వాళ్లకు చెప్తాను. వింటారో లేదో గానీ, నేనైతే వేయను.

ములుగు రోడ్డు

చోట్ల గురించి ఒక మాట. వరంగల్ నుంచి కొత్తగా గాలం మొదలుపెట్టే వాళ్లు వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ అంటుంటారు. అవి తాగునీటి చెరువులు, అక్కడికి పోవద్దు. పాకాల చెరువు అభయారణ్యం లోపల ఉంది, అదీ వద్దు. ఊరి చెరువులే మేలు, కానీ సంఘం వాళ్లను అడగకుండా కూర్చోవద్దు. చేపల మీద హక్కు వాళ్లది. అడిగితే మామూలుగా కాదనరు, అడగకపోతే గొడవే.

కాజీపేట జంక్షన్

అందరికీ థాంక్స్. మామయ్య బొంగు కొట్టి ఇస్తానన్నాడు. శనివారం సాయంత్రం పోతున్నాను. చివరి డౌట్: పడితే ఇంటిదాకా బతికించి తేవడం ఎట్లా? ఊరి నుంచి కాజీపేటకు బండి మీద గంటకు పైనే.

నీరటి కొడుకు

మూత ఉన్న బకెట్ తీసుకో, మూతకు మేకుతో బెజ్జాలు కొట్టు. నీళ్లు చేప వీపు మునిగేంత చాలు. నిండా పోసి మూత బిగిస్తే గాలికి పైకి రాలేక దారిలోనే చస్తుంది. మూత లేకపోతే మాత్రం ఎగిరి దూకుతుంది, బండి మీద అయితే నీకు తెలియను కూడా తెలియదు. బకెట్ లేదంటే తడిపిన గోనెసంచిలో చుట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరించు. తోలు తడిగా ఉంటే ఆ గంటకు ఏమీ కాదు. గాలం తీయడానికి కటింగ్ ప్లేయర్ పెట్టుకో, దాని నోట్లో వేలు పెట్టకు, పళ్లు ఉంటాయి. జెల్ల పడితే వీపు ముల్లు, పక్క ముళ్లు చూసుకుని పట్టు. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెడితే సలుపు తగ్గుతుంది, వాపు పెరిగితే డాక్టర్ దగ్గరికి పో.

జానెడున్నర కంటే చిన్నది పడితే నీళ్లలో వదిలెయ్, అది ఇంకా గుడ్లు పెట్టే వయసుకు వచ్చి ఉండకపోవచ్చు.

శనివారం పొద్దున ఫోన్లో దామిని యాప్ వేసుకో, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో అందులో చూపిస్తుంది. ఈ కార్తెలో సాయంత్రం మబ్బులు ఒక్కసారిగా కమ్ముకుంటాయి, కట్ట మీద నీకంటే ఎత్తయినది ఏదీ ఉండదు. నీ ఏడడుగుల రాడ్డు కార్బన్‌ది అయితే దాని గుండా కరెంటు పోతుంది. ఉరుము వినపడిందంటే బొంగు, రాడ్డు రెండూ అక్కడే కింద పడేసి కట్ట దిగు. చెట్టు కిందికి పోవద్దు, ఊళ్లోకి పో. చేప పట్టుకుని ఉన్నా సరే, దారం కోసేసి పో.